అలమారాలో ఓటు

ఫోను మోగేసరికి షూలా తల ఫ్రిజ్ లోపల ఉంది. పాస్‌ఓవర్ పండగ తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది. కింది అర వెనక ఎప్పుడో ఒలికి గట్టిపడిన సోయా సాసు మరకని పాత టూత్‌బ్రష్‌తో గీకుతోంది. పండగ ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసిన పిండితో చేసిన రొట్టె నూక ఒక్కటి కూడా ఉండకూడదు. సోఫా మడతల్లో, కోటు జేబుల్లో, కారు సీట్ల కింద, అత్తగారి చక్రాల కుర్చీ సందుల్లో నెల రోజులుగా ఆ నూకలు ఏరుతున్నది షూలానే. పండగ ముందు సాయంత్రం కొవ్వొత్తీ ఈకా పట్టుకుని ఇల్లంతా వెతికే తంతు మాత్రం భర్త నఫ్తాలీది. అప్పటికి వెతకడానికి ఏమీ మిగలదు కాబట్టి, అతనికి దొరకాలని మూలమూలల్లో పది రొట్టెముక్కలు పెట్టేది కూడా ఆమే.

"టీనెక్‌లో యూదు ఓటర్ల అభిప్రాయాలు తీసుకుంటున్నామండీ," అంది ఫోన్లో ఒక అమ్మాయి. "ఒకే ఒక్క ప్రశ్న. విదేశాలకి సాయం ఆపెయ్యాలనే అభ్యర్థికి మీరు ఓటేస్తారా, వెయ్యరా?"

"ఒక్క నిమిషం, మా ఆయన్ని అడిగి చెప్తాను," అంది షూలా.

"ఆయనది ఆయన్ని వేరే అడుగుతామండీ. నాకు మీది కావాలి."

చేతి తొడుగుల నుంచి సబ్బునీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. షూలా నోరు తెరిచింది. అందులోంచి నఫ్తాలీ మాటలు వచ్చాయి. "ఇజ్రాయెల్‌కి సాయం వద్దనేవాడు మన గుమ్మం తొక్కడానికి వీల్లేదు. ఇందులో ఆలోచించడానికేముంది?" అతను చివర్లో చేసే చిన్న దగ్గు కూడా వచ్చింది. అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. షూలా మళ్ళీ ఫ్రిజ్‌లో తల పెట్టింది గానీ, ఆ చల్లదనంలో కూడా మొహం మండిపోయింది. స్కూల్లో నత్తి ఉన్న పిల్లల చేత మాటలు పలికించడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. తొందరపడకు నాన్నా, నీ మాట నువ్వే చెప్పు, అని రోజుకి వందసార్లు అంటుంది. యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఒక్క ప్రశ్నకి తన సొంత జవాబు లేకపోయింది. సిగ్గేసింది. అడిగిన అమ్మాయి ముందు కాదు, తన ముందు తనకే.

నిజానికి జవాబు లేకపోలేదు. రెండు ఉన్నాయి, అదీ చిక్కు. ఈసారి ఉప ఎన్నికలో రస్సో అనే ఆయనా, హోల్కోంబ్ అనే ఆవిడా పోటీ పడుతున్నారు. రస్సో ఎప్పుడూ సాయం ఆగకూడదనే మనిషి. హోల్కోంబ్ ఒక్క డాలరు కూడా దేశం దాటకూడదంటుంది. అది విన్నప్పుడల్లా షూలాకి ఇజ్రాయెల్‌లో, బేర్‌షేవాలో ఉన్న చెల్లెలు నోగా గుర్తొస్తుంది. దాడి సైరన్ మోగితే మనవరాలిని చంకనేసుకుని మెట్లు దిగి పరిగెత్తే నోగా. కానీ అదే హోల్కోంబ్, ఆ డబ్బుతో మంచానపడ్డ పెద్దవాళ్ళ ఇళ్ళకి ఆయాల్ని పంపిస్తానంది. ఆ మాట రేడియోలో విన్నప్పుడు షూలా అత్తగారికి స్నానం చేయిస్తోంది. పదకొండేళ్ళుగా, పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ ఒంటిని ఎత్తి దింపుతోంది. చేతిలో సబ్బు అలాగే ఉండిపోయింది. ఒక్క నిమిషం ఎంత ఆశ పుట్టిందంటే, వెంటనే నోగా మొహం గుర్తొచ్చి, దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు అనిపించింది.

ఉండబట్టలేక నోగాకి ఫోన్ చేసి అడిగేసింది కూడా. నోగా పకపకా నవ్వింది. "అక్కా, ఇక్కడ నా ప్రాణం మీద నాకూ తీపే. ఆ సాయం నాకు అక్కర్లేదని అనను. కానీ ఓటరువి నువ్వు. నడుము విరుగుతోంది నీది. బావని అడిగి, నన్ను అడిగి, ఊరందర్నీ అడిగి, నిన్నొక్కదాన్నే వదిలేస్తావేమే?"

బావని అడగాల్సిన పని ఎప్పుడు పడింది గనక, అడక్కుండానే అతనే చెప్పేస్తాడు. నఫ్తాలీ పళ్ళ డాక్టరు, వాళ్ళ ప్రార్థనా మందిరంలో రాజకీయ వ్యవహారాల సంఘానికి అధ్యక్షుడు. పోయిన నెల రస్సోని ఇంటికి పిలిచాడు. షూలా రెండు రోజులు నిలబడి అరవై మందికి రుగెలా అనే తీపి చుట్టలు చుట్టింది, దాల్చినచెక్కవి కొన్ని, చాక్లెట్‌వి కొన్ని. రస్సో మర్యాదస్తుడు. పళ్ళెం అందుకుంటూ, "మీరేమనుకుంటున్నారమ్మా?" అని అడిగాడు. ఆమె గొంతు సవరించుకునేలోపే నఫ్తాలీ నవ్వుతూ, "మా షూలాకి రాజకీయాలు ఎక్కవు సార్. ఆ చాక్లెట్‌వి ఇంకాసిని పట్రా షూలా," అన్నాడు. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఈసారి పోలింగ్ పండగ ఎనిమిదో రోజున పడింది. పండగలో మొదటి రెండు రోజులూ, చివరి రెండు రోజులూ కలం పట్టకూడదు. అందుకని వాళ్ళవాళ్ళంతా ముందే పోస్టులో ఓటు వేస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం నఫ్తాలీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇద్దరి బ్యాలెట్లూ నింపేశాడు. ఇరవై ఏడేళ్ళుగా అంతే. "నీదీ అయిపోయింది. కవరు మీద సంతకం పెట్టి ఇక్కడుంచు. రేపు క్లినిక్ నుంచి వచ్చాక రెండూ పోస్టులో పడేస్తా."

"చేతులు తడిగా ఉన్నాయి," అంది షూలా.

సోమవారం పొద్దున్న చేతులు పొడిగానే ఉన్నాయి. బ్యాలెట్ తీసి చూసింది. రస్సో పేరు పక్కన సున్నా, పన్ను పుచ్చు నింపినంత శ్రద్ధగా, అంచు దాటకుండా నల్లగా నింపి ఉంది. పక్కనే తన పేరున్న కవరు. వంటింట్లో చివరి పని ఒకటే మిగిలింది. పారేయలేని పిండి సరుకులన్నీ ఒక అలమారాలో సర్ది, తలుపులకి టేపు వేసెయ్యాలి. వాళ్ళవాళ్ళందరి ఇళ్ళల్లో అలాంటి అలమారాలన్నిటినీ వాళ్ళ మతగురువు రబ్బీ ఆ పొద్దున్నే డోనెల్లీ అనే రిటైరైన ఫైర్‌మన్‌కి కాగితం రాసి అమ్మేస్తాడు. ఆయన యూదుడు కాదు. పండగయ్యాక మళ్ళీ కొనుక్కునేదాకా అందులో ఉన్నదంతా డోనెల్లీదే. షూలా కార్న్‌ఫ్లేక్స్ డబ్బా పెట్టింది. సేమ్యా పొట్లాలు పెట్టింది. బ్యాలెట్టూ కవరూ మడిచి ఆ రెంటి మధ్య పెట్టింది. టేపు వేసింది, పైనుంచి కింద దాకా రెండు వరసలు. వెళ్ళి అత్తగారికి మాత్రలు ఇచ్చింది.

మధ్యాహ్నం నఫ్తాలీ వచ్చి ఆమె కవరు కోసం ఇల్లంతా గాలించాడు. షూలా నుదురు కొట్టుకుంది. "అయ్యో, సామాన్లతో పాటు అలమారాలో పడిపోయినట్టుంది. అసలు జ్ఞాపకమే లేదు." అతను రబ్బీకి ఫోన్ చేశాడు. కాగితం తీసుకుంటే తప్పేమీ లేదు గానీ, పొద్దుగూకితే పండగ, ఇప్పుడు తలుపు తీసి నూకలు రాల్చుకోవడం ఎందుకు, గురువారం తీరిగ్గా డోనెల్లీకి ఒక మాట చెప్పి తీసుకోండి, ఇంకా టైముంది, అన్నాడాయన. "నీ తలకాయ కూడా అమ్మకానికి పెట్టకపోయావ్," అని నఫ్తాలీ స్నానానికి వెళ్ళిపోయాడు. షూలా వంటింట్లో నిలబడిపోయింది. ఇప్పుడు కలిగిన సిగ్గు ఫ్రిజ్‌లో తల పెట్టినప్పటి సిగ్గు కంటే పెద్దది. నాకిష్టం లేదు అనే రెండు ముక్కలు చెప్పడానికి ఎం.ఏ. చదివిన మనిషి మతిమరుపు దానిలా నటించింది. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే కదా చేస్తున్నది అనుకుంది. తలనొప్పి అని, పనుందని, మర్చిపోయానని. ఒక్కసారీ వద్దని మాత్రం అనలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి పక్కింటి గెర్షన్, అతని భార్య అదీనా వచ్చారు. షూలా కోడి పులుసు గిన్నెలు అందిస్తోంది. ఒక్కో గిన్నెలో మట్జా, అంటే పండగకి చెల్లే పులియని రొట్టె, దాని పొడితో చేసిన ఉండలు రెండేసి.

"ఇది విన్నారా?" మొదలుపెట్టాడు నఫ్తాలీ. "మా ఆవిడ ఈ ఏడాది తన ఓటుని కూడా డోనెల్లీకి అమ్మేసింది! కార్న్‌ఫ్లేక్స్‌తో కలిపి!"

గెర్షన్ బల్ల చరిచి నవ్వాడు. "పోన్లే, డోనెల్లీ బుద్ధిమంతుడు. రస్సోకే వేస్తాడు."

"ఆదివారం నింపి చేతికిచ్చానయ్యా. ఒక్క సంతకం! ఆ మాత్రం గుర్తుండదు ఈవిడకి. రేపు తలుపు తీసి దగ్గరుండి పెట్టిస్తా."

అదీనా నవ్వుతూనే షూలా వైపు చూసి, ఎందుకో నవ్వు ఆపేసింది. షూలా పెదవుల మీదకి అలవాటైన నవ్వు వచ్చేస్తోంది. అప్పుడు చక్రాల కుర్చీలోంచి అత్తగారు యెట్టా చెంచా కింద పెట్టింది. ఆవిడ ఎవరి పక్షమూ వహించే మనిషి కాదు. వంకలు పెట్టడం మాత్రం బాగా వచ్చు. పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పేటప్పుడు ఎంత మామూలుగా ఉంటుందో అంత మామూలుగా ఉంది ఆ గొంతు.

"ఇది మర్చిపోవడమేమిట్రా? పొద్దున్న ఐదు మాత్రలు, సాయంత్రం నాలుగు. పదకొండేళ్ళు. ఒక్కటి తప్పలేదు. ఏమే, నువ్వు నిజంగా మర్చిపోయావా?"

షూలా చేతిలో నఫ్తాలీ గిన్నె ఉంది. పొగలు మొహానికి కొడుతున్నాయి. అవునత్తయ్యా అంటే చాలు. అందరూ ఇంకోసారి నవ్వుకుని భోజనం చేస్తారు. సిగ్గు పాదాల నుంచి పైకి పాకుతూ వచ్చింది. ఈసారి అది నోరు మూయించలేదు.

"లేదత్తయ్యా. మర్చిపోలేదు. నేనే పెట్టాను."

గిన్నె నఫ్తాలీ ముందు పెట్టింది. పులుసు తొణకలేదు. అతను చెంచా దించి ఆమె వైపు తిరిగాడు.

"అదేం మాట? ఎందుకు పెడతావ్?"

"అది నువ్వు నింపిన కాగితం. డోనెల్లీ దగ్గరే ఉండనీ. రేపు కౌంటీ ఆఫీసుకి వెళ్ళి కొత్తది తెచ్చుకుంటా. అక్కడే కూర్చుని నింపుతా." గొంతు బొంగురుగా ఉంది. తన క్లాసులో మొదటిసారి మాట పూర్తిచేసిన పిల్లాడి గొంతులా ఉందనిపించి సిగ్గేసింది. అయినా ఆపలేదు. "రేపు పొద్దున్న అత్తయ్యకి స్నానం నువ్వు చేయించాలి."

గెర్షన్ పులుసులోకి చూస్తున్నాడు. యెట్టా, "వాడికేం చేతనవుతుంది, నీళ్ళు వేడి చూసి పెట్టి వెళ్ళు," అని చెంచా మళ్ళీ అందుకుంది.

నఫ్తాలీ చిన్నగా దగ్గాడు. నవ్వబోయాడు గానీ అది కుదరలేదు. "సరే, ఎక్కడ నింపితే ఏముంది. వేసేది రస్సోకే కదా?"

షూలా తన గిన్నె తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, అందరితో పాటు కూర్చుంది.

"ఆగు," అంది. "నన్ను అడిగి చెప్తాను."