రావు గారికి రెండు అచ్చులు

పూర్ణచంద్రరావు గారు నా ఫోన్ ఎత్తి ఇరవై రోజులైంది. ఆయనకు గుడివాడలో బట్టల కొట్టు, దాని వెనకే అద్దకం షెడ్డు ఉన్నాయి. నేను బందర్లో ఆ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కేవాణ్ణి. చీర అంచుకి కొత్త డిజైన్ గీసి పంపాను. ఆయన ఊ అంటే గాని చెక్క మీద ఉలి పెట్టకూడదు. వేరే పనేమీ చేతిలో లేదు. సోమవారంలోగా తేలకపోతే ఉయ్యూరులో సోఫాలు చేసేచోట కూలికి చేరతానని మాటిచ్చేశాను. ముప్పై ఏళ్ళు పువ్వులు చెక్కి ఇప్పుడు సోఫా కాళ్ళు చెక్కాలంటే నాకు ఏడుపొచ్చింది.

"మనుషులేనా మీరు" అని నేను పెట్టిన మెసేజ్ చూసి మా ఆవిడ ఖైరున్ బీ తల పట్టుకుంది.

"ఇలా మీద పడితే ఎవరు పలుకుతారండీ? మర్యాదగా అడగండి."

మర్యాదగా అడిగాను. బతిమాలాను. వాయిస్ మెసేజులూ పెట్టాను. నీలం టిక్కులు పడుతున్నాయి గాని జవాబు లేదు. శనివారం పొద్దున్నే బస్సెక్కాను, దారి పొడవునా తిట్లు కూర్చుకుంటూ.

కొట్టుకి తాళం వేసి ఉంది. ఇంటికి వెళ్తే ఆయన భార్య అన్నపూర్ణ గారు తలుపు తీశారు. మంచం మీద రావు గారు నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నారు.

"పక్షవాతం, యాసిన్ అన్నయ్యా" అన్నారావిడ మెల్లగా. "కుడిచెయ్యి లేవట్లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఎవరికీ తెలియకూడదంటారు. మీ మెసేజులన్నీ చదువుతారు. నేను జవాబు పెడతానంటే ఫోన్ లాక్కుంటారు. ఆయన వ్యాపారం ఆయనే మాట్లాడాలట."

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. డిజైన్ సంగతి ఎత్తలేదు. ఆయన ఎడమచెయ్యి పట్టుకుంటే గట్టిగా బిగించారు. ఆ పట్టులో బలముంది.

ఇంటికి రాగానే టేకు ముక్కలు తీసి రెండు చిన్న అచ్చులు చెక్కాను. ఒకదాని మీద "సరే", ఇంకోదాని మీద "వద్దు". ఎడమచేతికి ఇమిడేలా పిడులు పెట్టాను. ఆదివారం వాటితోపాటు స్టాంపు ప్యాడ్, డిజైన్ కాగితం తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టాను.

"రావు గారూ, ఇకనుంచి ఒక్కసారికి ఒక్క ప్రశ్నే పెడతాను. వీటిలో ఒకటి గుద్ది ఫోటో తీసి పంపండి. వీలైనప్పుడే. తొందరేం లేదు."

ఆయన తల తిప్పలేదు. నాకున్న తొందర నాకు తెలుసు. అయినా నోరు కట్టుకుని వచ్చేశాను.

సోమవారం ఉయ్యూరు వెళ్ళడానికి సంచి సర్దుకుని, వెళ్ళేముందు ఒకే ముక్క పెట్టాను: "చెక్కనా?"

కాసేపటికి ఫోటో వచ్చింది. వణికిన ఫోటో. దాన్నిండా ఒక్క మాటే కనిపిస్తోంది: "వద్దు".

నేను చెప్పులేసుకున్నాను. ఖైరున్ బీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"పోనీలెండి. ఇన్నాళ్ళకి ఆయన పలికారు కదా" అంది. అది నిజమే. బాధలోనూ నాకు సంతోషమేసింది.

సంచి భుజాన వేసుకుంటుంటే రెండో ఫోటో వచ్చింది. ఈసారి డిజైన్ కాగితమంతా కనిపిస్తోంది. ఇందాకటి "వద్దు" మూలనున్న మామిడిపిందె మీద గుద్దింది. తీగ మీద సరే. చిలకల మీద సరే. పువ్వు మీద రెండుసార్లు సరే.

వెంటనే అన్నపూర్ణ గారు ఫోన్ చేశారు. ఆవిడ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు.

"అన్నయ్యా, పొద్దుట్నుంచి ఒకటే గుద్దుడు! రాగిజావ ఇస్తే పేపరు మీద వద్దని కొట్టారు. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తాగారు పాపం. ఉండండి, ఫోన్ ఇమ్మంటున్నారు."

అవతల ఊపిరి వినిపించింది. చాలాసేపు అంతే. తర్వాత ఒక మాట, ముక్కలు ముక్కలుగా.

"యా... సి... న్."

"ఉన్నానండీ, రావు గారూ" అన్నాను. భుజాన ఉన్న సంచి గడపలోనే దించేశాను.