చెప్పకుండా బయల్దేరిన అక్క

నూకరత్నం నోటికి దీవిలోని బతు బస్తీ పేటలో సగం మంది దూరంనుంచే దండం పెడతారు. ఆ నోరేసుకునే ఆవిడ పొద్దున్నే బస్సెక్కి, వండూరు అవతల సముద్రం ఒడ్డున చెల్లెలు రామలక్ష్మి ఉండే పల్లెకు వచ్చింది. మరిది అప్పలకొండ ఇంజను డింగీ, అదే చిన్న పడవ, వేసుకుని ఒక్కడే వేటకెళ్ళి ఆరు రోజులైంది. మనిషీ రాలేదు, డింగీ ఆనవాలూ లేదు.

రామలక్ష్మి మాత్రం కాటుక, బొట్టు పెట్టుకుని, మొగుడికీ కలిపి ఎసట్లో బియ్యం పోస్తోంది.

"ఇంజను ఆగిపోయుంటాదక్కా. ఏ దీవికో కొట్టుకుపోయుంటాడు," అంది.

"మరేటి! మా అప్పలకొండకి సముద్రం ఓ లెక్కా?" అంది నూకరత్నం. ఇక రోజంతా ఆ పాటే. ఇరుగుపొరుగు మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే ఊరుకుందా? "కాసులమ్మా, ఏటే ఆ ఏడుపు మొహం? ఇక్కడెవరు పోయారని? థోడా హసో! కాస్త నవ్వవే!" అని దులిపేసింది. పాపం, వాళ్ళు టీ తాగి ఒక్కొక్కరే లేచిపోయారు. చెల్లెలి చేత బలవంతాన నాలుగు ముద్దలు తినిపించింది కూడా. ఆ పూట ఆ ఇంటికి ఆవిడే ధైర్యం.

నాలుగింటి బస్సు రోడ్డు మీద హారన్ కొట్టింది. నూకరత్నం సంచి తీసుకుని, చెప్పులేసుకుని, చెల్లెలి వైపు చూడకుండా గుమ్మం దిగింది.

"అక్కా! ఎల్లొస్తానని సెప్పకుండా ఎల్తన్నావేటి?"

నూకరత్నం అడుగు అక్కడే ఆగింది. ఆ మాట అనకూడనిది చావింటి నుంచి వచ్చేటప్పుడే కదా! నోరు ఎంత బుకాయించినా, కాళ్ళు మాత్రం ఇది చావిల్లే అనుకుని నడిచేశాయి. ఛీ, పాడు కాళ్ళు!

"పొద్దున్నించి వచ్చినోళ్ళందరూ ఇలాగే ఎల్లారు," అంది రామలక్ష్మి. "పోన్లే, ఆళ్ళు పరాయోళ్ళు. నువ్వు సెప్పక్కా. సెప్పి ఎల్లు."

"జల్దీ ఆవో, దీదీ!" తొందరగా రమ్మని కండక్టరు కేకేశాడు.

నూకరత్నం నోరు తెరిచింది. ఒక్క మాట! అబద్ధమైనా అనెయ్యొచ్చు కదా! బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ వెనక్కొచ్చి, సంచి గోడకి ఆనించి, "ఈ పూటకి ఉండిపోతానే," అంది మెల్లిగా.

రామలక్ష్మి అక్క మొహంలోకి చూసింది. తర్వాత అక్కడే కూలబడి, "అయితే పోయాడంటావా అక్కా?" అని భోరుమంది.