మిగిలిన మందు

గిల్మాన్ సన్నపళ్ల దువ్వెనను పిల్లి వీపు మీద తోక దాకా లాగి, పళ్ల మధ్య చిక్కిన నల్లటి నుసిని తడి కాగితం మీద దులిపాడు. నుసి చుట్టూ ఎర్రగా రంగు దిగింది. మట్టి కాదు. ఎగిరి కుట్టే పేలు తాగి విడిచిన పిల్లి నెత్తురు.

"నా కాళ్లు చాల్లేదా మీకు," అని పేలను తిట్టాడు. ప్యాంటు అంచు పైకి లాగితే చీలమండల చుట్టూ దద్దుర్లు గాజుల్లా వరసగా ఉన్నాయి.

మూడో బ్లాకు గేటు పక్కన కాపలా గది అది. మనిషి కాళ్లు చాపితే ఎదుటి గోడకు తగులుతాయి. ఒక కుర్చీ, ఒక బల్ల, చిన్న హీటరు, గోడ పొడుగునా జనం పార్సిళ్లు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేరు కాబట్టి పిల్లిని సైకిలు బుట్టలో పెట్టుకుని తెచ్చుకుంటాడు. కుండ అడుగున అంటుకున్న మాడన్నం రంగు దానిది. అందుకే నురుంజి అని పేరు పెట్టాడు. మాడన్నాన్ని వాళ్ల ఊళ్లో అలాగే అంటారు.

అరవై తొమ్మిదేళ్లు ఆయనకి. వయసంతా డేగూ నగరం నేత మిల్లుల్లో మగ్గాల మధ్య నిలబడ్డాడు. చెవులు సగం అక్కడే పోయాయి. మిల్లు వియత్నాం వెళ్లిపోయింది. యంత్రాలను ఓడ ఎక్కించారు గానీ మనుషులను ఎక్కించరు కదా. భార్య అప్పుడే తన దారి చూసుకుంది. కూతురు పండక్కి ఫోను చేస్తుంది, చెయ్యకపోతే ఈయన అడగడు. డ్యూటీ దిగి గదికి పోయి పడుకుంటే కడుపు మీదెక్కి కూర్చునే ప్రాణి ఈ పిల్లి ఒక్కటే.

మేనేజరు నామ్ తలుపు తెరిచి, లోపల కాలు పెట్టకుండా, అక్కడినుంచే మాట్లాడాడు.

"ఆరో అంతస్తు వాళ్ల అమ్మాయికి కాళ్లంతా దద్దుర్లట. పార్సిలు కోసం నీ గదికొస్తే కుట్టాయట. రేపటికల్లా పేలన్నా పోవాలి, పిల్లి అన్నా పోవాలి. నెలాఖరుకి నీ కాంట్రాక్టు నా బల్ల మీదకొస్తుంది. గుర్తుందిగా?"

"ఉంది సార్. ఇవాళే మందేస్తాను."

మూడేసి నెలల కాంట్రాక్టు. మనిషిని మూడు నెలలకోసారి భయపెట్టడానికి అంతకంటే చవకైన పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మధ్యాహ్నం విశ్రాంతి గంటలో రోడ్డు దాటి మందుల షాపుకు వెళ్లాడు. జంతువుల మందులు కూడా అమ్ముతారక్కడ. షాపామె చేతిలో పని వదిలి వచ్చింది.

"ఎంత బరువుంటుంది తాతా?"

"నాలుగు కిలోలుంటుంది. నాకంటే బాగా తింటుందిలే."

"మెడపట్టీలు వద్దు, పేలు నవ్వుతాయి. షాంపూ ఆ పూట వరకే. మెడ వెనక వెంట్రుకలు విడదీసి చర్మం మీద చుక్క వేసేది తీసుకో. నెలకోసారి, మూడు నెలలు వెయ్యాలి. ఒంటి మీదవి చచ్చినా నీ దుప్పట్లో గుడ్లుంటాయి. అది కూడా ఉతుకు."

"మరి ఈ పెద్ద పెట్టె?"

"అది కుక్కలది. కుక్కల మందుల్లో కొన్ని పిల్లికి విషం. పిల్లికి పిల్లిదే వెయ్యాలి, బాగా గుర్తుపెట్టుకో."

రెండు పెట్టెలు చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసి ఆకుపచ్చదాన్ని ఎంచుకున్నాడు. ఒంటికీ గుడ్లకీ రెండిటికీ పనిచేస్తుందట. జేబులో చెయ్యి పెట్టేసరికి ఫోను మోగింది.

"గదిలో లేవేంటి?" నామ్ గొంతు.

"విశ్రాంతి గంట సార్."

"విశ్రాంతేదో గదిలోనే తీసుకో. పార్సిల్ లారీ గేటుకు అడ్డంగా ఉంది, జనం తిడుతున్నారు."

"పక్కన పెట్టమ్మా, సాయంత్రం తీసుకుంటా," అని పరుగెత్తాడు.

లారీ కదిలి, జనం కదిలి, చెమట తుడుచుకునేలోపే పన్నెండు వందల మూడు అమ్మగారు కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె పేరు ఆయనకు తెలియదు. ఎవరి పేరూ తెలియదు. ఫ్లాటు నంబర్లే పేర్లు.

ఆ భవనంలో పై అంతస్తుల నుంచి కాపలా గదికి దిగేవి చాలా ఉంటాయి. తేదీ దాటిన కుడుములు, మరీ పులిసిన కిమ్చీ పచ్చడి, భర్తకు బిగుతైన బూట్లు, సగం తాగిన దగ్గు మందు. ఇచ్చేవాళ్లకు అది దయ. పుచ్చుకునేవాడు రెండు చేతులూ చాపి నడుం వంచాలి. కిందటేడు వెనక గేటు కాపలా మనిషి ఒకడు, కడుపు బాగాలేదని పాచిపోయిన కేకు వద్దన్నాడు. పొగరు అన్న మాట నివాసుల మీటింగులో పడింది. వసంతానికి ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు.

"పేలని విన్నాను," అందామె. "మా మోకాకు విదేశం నుంచి తెప్పించిన మందు. ఎండాకాలంలో అది పోయాక పారెయ్యడానికి చేతులు రాలేదు. తీసుకోండి, ఒక్క చుక్కతో అన్నీ రాలిపోతాయి."

పెట్టె మీద పరాయి అక్షరాలు. మధ్యలో నాలుక బయటపెట్టిన పెద్ద కుక్క బొమ్మ.

"కుక్క బొమ్మ ఉందమ్మగారూ."

"మోకా కుక్కే కదండీ మరి. పేను పేనే, కుక్కదైతేనేం పిల్లిదైతేనేం?" ఆమె నవ్వింది. కళ్లు తడిగా ఉన్నాయి. "ఇప్పుడే వెయ్యండి, చూసి వెళ్తాను. మోకాకు నేనే వేసేదాన్ని."

షాపామె అన్న మాట ఆయన చెవిలోనే ఉంది. కొన్ని, అంది. అన్నీ అనలేదు. ఆ కొన్నింటిలో ఇది కాకపోవచ్చు. చేతులు వద్దన్నాయి, నడుం వంగింది.

మెడ వెనక వెంట్రుకలు విడదీసి, గొట్టంలో మందు సగం పిండి ఆపాడు.

"మొత్తం వెయ్యాలండీ, లేకపోతే మళ్లీ వస్తాయి."

మొత్తం పిండాడు. నాలుగు కిలోల పిల్లి మీద ముప్పై కిలోల కుక్క మందు. నురుంజి చెవులు విదిలించి ఆయన మోకాలికి తల రుద్దుకుంది.

ఆమె లిఫ్టు ఎక్కగానే కుళాయి దగ్గరికి తీసుకుపోదామని లేచాడు. నామ్ ఎదురొచ్చాడు. బుధవారం, చెత్త వేరు చేసే రోజు. చెత్త సంచులు తగిలించే చట్రాలు ఇంకా నిలబెట్టలేదేమని నిలదీశాడు. ప్లాస్టిక్కుకొకటి, డబ్బాలకొకటి, గాజుకొకటి, చట్రాలన్నీ నిలబెట్టి వచ్చేసరికి పిల్లి కుర్చీ కింద చేరింది. చెవులు అదురుతున్నాయి. ఒంటి చర్మం తనంతట తాను పాకుతున్నట్టు కదులుతోంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగాడు. కడిగినకొద్దీ వణుకు ఎక్కువైంది.

మందుల షాపుకు ఫోను చేశాడు.

"వేసేశావా? ఎంతసేపైంది?" ఆమె గొంతు మారిపోయింది. "నా దగ్గర దానికి మందు లేదు తాతా. జంతువుల ఆస్పత్రికి తీసుకుపో. ఇప్పుడే, ఈ క్షణం."

నామ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "ఒక్క గంట సార్. ఆస్పత్రికి."

"పొద్దున పేలన్నావు, ఇప్పుడు వణుకంటున్నావు. నాలుగు బ్లాకుల జనం చెత్త పట్టుకుని దిగే వేళ పిల్లికి ఆస్పత్రేంటయ్యా? వెళ్తానంటే ఆపను. గది తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లు."

గిల్మాన్ నడుం పట్టీ నుంచి తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. నామ్ దానివైపు చూడలేదు, కంప్యూటరు వైపు చూస్తున్నాడు. అరవై తొమ్మిదేళ్ల సగం చెవిటివాణ్ని ఇంకెవరు పెట్టుకుంటారు? గది అద్దె, రాత్రి అన్నం, పిల్లి తిండి, అన్నీ ఆ గుత్తికే వేలాడుతున్నాయి. తరవాత గుత్తి తీసి మళ్లీ నడుముకు తగిలించుకున్నాడు.

నురుంజిని దుప్పటిలో చుట్టి పార్సిల్ అట్టపెట్టెలో పడుకోబెట్టి, ప్లాస్టిక్ సీసాలు తొక్కడానికి వెళ్లాడు.

జనం దిగారు. సీసాల మీది కాగితాలు ఒలిచాడు, తొక్కాడు, సంచిలో వేశాడు. నూడుల్స్ డబ్బాల్లో మిగిలిన చారు ఒంపాడు. "ఇది ఎందులో వెయ్యాలి తాతా?" అని అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. సంచి సంచికీ మధ్య గదికి పరుగెత్తి చూశాడు. మొదటిసారి కాళ్లు గాల్లో తన్నుకుంటున్నాయి. రెండోసారి నోటి వెంట నురుగు. ఇంకోసారి వచ్చేసరికి వణుకు ఆగింది. తగ్గిందనుకున్నాడు. దుప్పటి అంచు తీసి, పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి, అలాగే కూర్చున్నాడు. అరచేతి కింద ఏదీ లేచి పడలేదు.

బయట ఎవరో పిలిచారు. దుప్పటి కప్పి వెళ్లాడు.

చీకటి పడుతుండగా పన్నెండు వందల మూడు అమ్మగారు పాల డబ్బాలు పట్టుకుని దిగింది.

"మందు పనిచేసిందా?"

గిల్మాన్ తొక్కుతున్న సీసా మీది నుంచి కాలు తీశాడు.

"పనిచేసిందమ్మగారూ. పేలు మిగల్లేదు."

"చెప్పానా. మా మోకా పుణ్యం." ఆమె చంకలోంచి ఒక సంచి తీసింది. "ఇది కూడా దానిదే. ఉతికే తెచ్చాను. చలికాలం వస్తోంది కదా, మీ పిల్లికి వెయ్యండి."

రెండు చేతులూ చాపాడు. నడుం వంచాడు. ఆమె లిఫ్టు వైపు నడిచింది.

గదిలోకి వచ్చి సంచి బల్ల మీద పెట్టాడు. సంచి వాలి, నీలం ఉన్ని స్వెట్టరు సగం బయటికి జారింది. నాలుగు కాళ్లకు నాలుగు పొట్టి చేతులు, మెడ దగ్గర ఎవరో ఓపిగ్గా కుట్టిన తెల్లటి గుండీ ఒకటి.