సాగనంపే బిట్

మా వదిన చెయ్యి ఎత్తితే బ్యాండంతా వాయిద్యాలు ఎత్తుతుంది. దించితే మోగుతుంది. సినిమా అవార్డుల వేడుకలో ఆర్కెస్ట్రాకి ఆవిడే పెద్ద. నేను ట్రంపెట్. ఇంట్లో మరిదిని, అక్కడ పనివాణ్ణి. రెండుచోట్లా తిట్లు తప్పవు.

అవార్డు అందుకున్నవాళ్ళు ఎంతకీ ప్రసంగం ఆపకపోతే మేం హుషారైన ముక్క ఒకటి వాయించి దింపెయ్యాలి. దాన్ని సాగనంపే బిట్ అంటాం. మొదటి ఊపు ట్రంపెట్‌దే కాబట్టి ఆ ఉసురంతా నాకే తగులుతుంది.

దేశం ఎలా ఉందో తెలుసుకోవడానికి నాకు పేపరు అక్కర్లేదు. వేదిక కింద బ్యాండు గుంటలో కూర్చుంటే చాలు. ధరలు మండిన ఏడు అందరూ అమ్మానాన్నలకి దండాలు పెట్టేసి గప్‌చుప్‌గా దిగిపోయారు. ఎన్నికల ఏడు, జోకుకి ఎవరు నవ్వుతున్నారో ఎవరు నవ్వట్లేదో ఒకరినొకరు ఓరకంట చూసుకున్నారు. యుద్ధం ఆగిన ఏడు అవార్డు రానివాళ్ళు కూడా వచ్చినవాళ్ళని వాటేసుకున్నారు.

ఇది లాంచీ మునిగిన ఏడు జరిగిన సంగతి. పట్టనంతమందిని కుక్కి నదిలోకి వదిలారని దేశమంతా కుతకుతలాడుతోంది. నిర్వాహకులు మాత్రం జనానికి సరదా కావాలి, ఆ ఊసే వద్దన్నారు. రిహార్సల్లో ప్రోగ్రాం డైరెక్టర్ వదిన దగ్గరికొచ్చి, "లాంచీ అన్న మాట వినబడిందా, బిట్ పడిపోవాలమ్మా. పడలేదో, వచ్చే ఏడు వేరే బ్యాండు చూసుకుంటాం" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆ స్థానం కోసం వదిన ఎన్నేళ్ళు పెళ్ళిళ్ళలో వాయించిందో నాకు తెలుసు. ఆడమనిషి చెయ్యి చూసి వాయించాలా అన్న మగాళ్ళందర్నీ దారికి తెచ్చుకుని అక్కడికి చేరింది. అందుకే తలూపింది.

హాస్యనటుడి అవార్డు, ఊరూవాడా మావయ్య అని పిలిచే ముసలాయనకి వచ్చింది. ఆయన మైకు ముందుకి రాగానే హాలంతా నవ్వడానికి సిద్ధమైపోయింది. ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు జుట్టు కత్తిరించేవాడు ఆ లాంచీలో పోయాడు. నా ప్రతి జోకూ ముందు వాడికే చెప్పేవాణ్ణి. వాడు నవ్వకపోతే సినిమాలోంచి తీసేసేవాణ్ణి."

"వాయించు!" వదిన చెవిలోని ఇయర్‌ఫోన్‌లో డైరెక్టర్ పెట్టిన కేక పక్కనున్న నాకూ వినిపించింది.

వదిన చెయ్యి లేచింది. వాయిద్యాలన్నీ లేచాయి. ట్రంపెట్ పెదాలకి ఆనించి ఊపిరి బిగబట్టాను. చెయ్యి దిగలేదు.

"వాయించమంటుంటే!"

అయినా ఆ చెయ్యి దిగట్లేదు. మావయ్య ఇలాంటి వేడుకలు ఎన్నో చూసినవాడు. ఇటు చూడగానే విషయం అర్థమైపోయింది. మైకులోనే అనేశాడు.

"వాయించెయ్యమ్మా. నాదేముంది, నీ పని పోతుంది."

"పోతే పోనీ మావయ్యా," అంది వదిన, మైకు లేకుండానే హాలంతా వినబడేట్టు. "మీరు చెప్పండి."

ఇంట్లో ఆవిడతో గిల్లికజ్జాలు పెట్టుకోనిదే నాకు పొద్దుపోదు. అప్పుడు మాత్రం దండం పెట్టాలనిపించింది. చేతులు ఖాళీ లేక ఆగాను.

మావయ్య చెప్పాడు. ఆ మనిషి గురించి, అతని పిల్లల గురించి, కక్కుర్తిపడి జనాన్ని కుక్కినవాళ్ళ గురించి. హాలు హాలంతా లేచి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మరుసటి ఏడు మమ్మల్ని పిలవలేదు. టీవీ పెట్టొద్దన్నా వినకుండా వదినే పెట్టింది. కొత్త బ్యాండు, కొత్త పెద్దాయన.

"వేసుకున్న కోట్లు బాగున్నాయిరా," అంది, ఏమీ పట్టనట్టు.

అవార్డు అందుకున్న ఒక కొత్త నటి, వాళ్ళ ఊరి ఆస్పత్రిలో డాక్టరు లేక ప్రాణాలు పోతున్నాయని మొదలెట్టింది. ఎంతకీ ఆపట్లేదు.

"ఇప్పుడు పడుతుంది చూడు బిట్," అన్నాను.

పడలేదు. కెమెరా బ్యాండు వైపు తిరిగింది. ఆ పెద్దాయన చెయ్యి గాల్లోనే ఉంది. ఆ పిల్ల చెప్పాల్సిందంతా చెప్పి దిగిపోయేదాకా అలాగే ఉంది.

పని పోయిందని తెలిసిన రోజున కూడా ఏడవని మా వదిన, టీవీ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.