తల్లి నడుము

"మీరొకసారి లేచి నిలబడతారా?" అంది వేరా.

నిఖిలకి ఏడేళ్ళప్పటి మాట ఇది. మంచు మీద నిలబడాల్సింది నా కూతురు. నేను స్కేటింగ్ రింకు పక్కన బెంచీ మీద, ఒళ్ళో దాని చెప్పులూ, నీళ్ళ సీసా, స్వెటరూ పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ పక్కన పెట్టి లేచాను. ఆ రష్యన్ కోచ్ నా మొహం చూడలేదు. భుజాల దగ్గర మొదలుపెట్టి, నడుము దగ్గర కాస్త ఆగి, పాదాల దాకా చూసింది. ఎత్తెంత అని అడిగింది. ఏ వయసులో పెద్దమనిషయ్యారు అని కూడా అడిగింది, బస్సు ఎన్నింటికి అన్నంత మామూలుగా. నేను కూడా చదువుకున్నదాన్నేనని చూపించుకోవాలి కదా, తడుముకోకుండా చెప్పేశాను. "సరే, రేపట్నుంచి తీసుకురండి" అంది.

ఇంటికొచ్చి అనిల్‌తో చెబితే నవ్వాడు. "వాళ్ళది సైన్స్ హైమా. పిల్ల రేపెలా తయారవుతుందో తల్లిని చూసి అంచనా వేస్తారు. మా వైపు పోలికలొస్తే బావుణ్ణు. మా అక్కలంతా సన్నగానే ఉంటారుగా." అలా అంటూనే ఇంకాస్త పులిహోర వడ్డించుకున్నాడు. అతని పొట్టని ఏ సైన్సూ అడగలేదు.

ఆ రోజు నుంచి నేను చేస్తున్న పనికి పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. తెల్లారకముందే లేచి డబ్బా కట్టి, ఈ పరాయి దేశంలో మేముండే పుంగ్గోల్‌లో రైలెక్కి, మధ్యలో ఇంకో రైలు మారి, నిద్రలో తూలే పిల్లని రింకుకి చేర్చాలి. స్కేట్ల తాళ్ళు బిగించాలి. మరీ బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది, వదులైతే మడమ బెణుకుతుంది. దిగాక బ్లేడు తుడవాలి, తడి ఉంటే తుప్పు పడుతుంది. పోటీ గౌనుకి రాళ్ళు కుట్టాలి. తుంటి మీద కమిలినచోట ఐసు పెట్టాలి. బయట ఎండ మాడ్చేస్తున్న ఊళ్ళో నేను ఉన్ని స్వెటరూ, మేజోళ్ళూ వేసుకుని చలికి ముడుచుకుని కూర్చునేదాన్ని. అప్పటికి నాకు ఊరి నడిబొడ్డున తంజోంగ్ పగార్‌లో ఉద్యోగం ఉండేది, బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రాక్టీసు వేళలు పెరిగినప్పుడు "ఎవరో ఒకరం తగ్గాలి హైమా" అన్నాడు అనిల్. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మా ఇంట్లో చర్చించాల్సిన అవసరమే రాలేదు. తర్వాత్తర్వాత స్నేహితుల ముందు, "హైమదే సుఖం, ఏసీలో కూర్చోవడమేగా" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

నిఖిల గది గోడ నిండా రష్యన్ అమ్మాయిలు. ఒకే రకం సన్నటి చేతులు, వెనక్కి లాగి ముడేసిన జుట్టు. ఏడాదికోసారి బొమ్మలు మారిపోయేవి. నిరుడు స్వర్ణం గెలిచిన పిల్ల ఈ ఏడు గోడ మీద ఉండేది కాదు. ఒకసారి అడిగాను, ఆ నీలం గౌను అమ్మాయి ఏమైందే, ఎంత ముచ్చటగా ఉండేది అని.

"షీ ఓల్డ్ ఆల్రెడీ, మమ్మీ. ఎయిటీన్. క్వాడ్ పోయింది, ఫోర్ టర్న్స్ జంప్."

"పద్దెనిమిదికే ముసలిదా?"

"వాళ్ళ వెనకాల చాలామంది ఉంటారు లా. బాడీ మారితే జంప్ పోతుంది. జంప్ పోతే నెక్స్ట్ గర్ల్. అంతే."

పదేళ్ళ పిల్ల, ఇక్కడి స్కూల్లో అంటుకున్న ఆ 'లా' తగిలించి, ఆ మాట చెప్పిన తీరుకి నాకు భయమేసింది. కానీ అప్పుడు దోసె మాడుతోంది, రైలు టైమవుతోంది. ఇలాంటి భయాలు నాకెప్పుడూ ఏదో ఒకటి మాడుతున్నప్పుడే వస్తాయి.

వేరాకి గాని, నిఖిలకి గాని నేనెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. విశాఖపట్నంలో బీచికి దగ్గర్లో ఉన్న పార్కులో సిమెంటు రింకు ఉండేది. నాలుగు చక్రాల స్కేట్ల మీద నేను అక్కడ పెరిగాను. పాటకి తగ్గట్టు తిరగడం, ఒంటికాలి మీద వెనక్కి జారుతూ పెద్ద వంపు గీయడం నాకు చాలా ఇష్టం. గాలి సముద్రం వైపు నుంచి కొడితే ఇంకా బాగా వెళ్ళేదాన్ని. పదమూడో ఏట నన్ను పీట మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పట్టుపరికిణీ కట్టి ఫోటోలు తీశారు. ఆ మర్నాడు స్కేట్లు కనిపించలేదు. "పెద్దదానివయ్యావు, ఇంకా ఆ పొట్టి గౌనేంటి" అన్నారు నాన్న, కోప్పడకుండానే. కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. పెళ్ళయ్యాక అనిల్‌కి ఆ సంగతంతా చెప్పాను. అత్తవారింట్లో అది "చిన్నప్పుడు ఏవో చక్రాల మీద తిరిగేదట" అనే ఒక్క వాక్యం కింద మిగిలింది. నేను బాగా ఆడేదాన్ని. ఆ మాట నా తరఫున చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

ఈ జూన్‌లో నిఖిలకి పన్నెండు నిండాయి. దాని ట్రిపుల్, అంటే గాల్లో మూడు చుట్లు తిరిగే గెంతు, పోయిన ఏడాదంతా చక్కగా దిగింది. ఉన్నట్టుండి ఈ మధ్య దిగడం మానేసింది. పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. అన్నం దగ్గర "ఆకలి లేదు" అంటోంది. సరిగ్గా అప్పుడే మా అత్తయ్య తారాదేవి గారు అనకాపల్లి బెల్లం దిమ్మలతో దిగారు.

"ఏటమ్మా హైమా, పిల్ల ఇలా పుల్లలాగైపోయింది? తింటాదా, తినదా?"

"తింటుంది అత్తయ్యా, ప్రాక్టీసు ఎక్కువైంది."

"ఏం ప్రాక్టీసో ఏటో. ఎదిగే పిల్లకి ఎముక కనబడకూడదు" అన్నారావిడ. ఆవిడ చెప్పినవాటిలో నాకు నచ్చిన మాటలు తక్కువ, కానీ అది నచ్చింది.

ఓ శనివారం నిఖిల ప్రాక్టీసు బట్టలు చేత్తో పిండుతున్నాను. మెషీన్లో వేస్తే సాగిపోతాయి. లేతరంగు టైట్స్ అడుగున, సబ్బు గట్టిగా రుద్దినా పోని గోధుమరంగు మరక కనిపించింది. ఉతకడం తెలియనివాళ్ళు ఉతికిన ఉతుకు. వేడినీళ్ళలో పెట్టినట్టుంది పిచ్చిది, రక్తం మరక వేడినీళ్ళకి అతుక్కుపోతుందని దానికెవరు చెప్పారు? నేను చెప్పాలి. నెలసరి సంగతంతా ఎప్పుడో ఒకనాడు చెబుదామనుకుంటూనే ఉన్నాను.

దాని గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. టైట్స్ చూడగానే అర్థమైపోయింది దానికి.

"నానమ్మకి చెప్పొద్దు. డాడీకి చెప్పొద్దు. కోచ్‌కి అసలు చెప్పొద్దు, ప్లీజ్."

"ఎప్పట్నుంచి?"

"ఇది థర్డ్ టైమ్."

మూడు నెలలుగా నా కూతురు స్కూలు బాత్రూమ్‌లో టిష్యూ కాగితాలు మడత పెట్టుకుంటూ తిరిగింది. నేను మాత్రం దాని బ్లేడు తడి తుడుస్తూ కూర్చున్నాను. దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది. నా వంక పైనుంచి కిందికి చూసింది. అచ్చం ఆ మొదటిరోజు వేరా చూసినట్టే, నడుము దగ్గర కాస్త ఆగి.

"మమ్మీ, నేను నీలాగే అయిపోతానా?"

ఆ మాటలో పొగరు లేదు, వెటకారం లేదు. నిజంగా భయపడి అడిగింది. అనిల్ ఇన్నేళ్ళలో నన్ను చాలా మాటలన్నాడు, అత్తయ్యా అన్నారు. ఏదీ ఇంత లోపలికి దిగలేదు. "అవ్వవులే, నాన్న పోలిక వస్తుంది" అని నోటి చివరిదాకా వచ్చింది. ఎందుకో అనలేకపోయాను.

నేను చెప్పకపోయినా అత్తయ్యకి తెలిసిపోయింది. బాత్రూమ్ బకెట్ చూసిన ఏ నానమ్మకైనా తెలుస్తుంది. ఆవిడకి కోపం రాలేదు, సంబరం వచ్చింది. అప్పటికప్పుడు నువ్వులు వేయించి, బెల్లం కలిపి చిమ్మిలి దంచారు. ఇంత ఆలస్యంగా తెలియడమేంటని నన్ను కాస్త దెప్పి, దగ్గర్లోనే హౌగాంగ్‌లో ఉన్న మా వాళ్ళందరికీ ఫోన్లు చేశారు. ఫంక్షన్‌కి హాలు ఏది బాగుంటుందో కనుక్కున్నారు. "ఇంక ఆ పొట్టి గౌన్లు మానిపించమ్మా. మనింటి పిల్ల" అన్నారు, ఆనాటి మా నాన్న గొంతంత మెత్తగా.

అనిల్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఎలాగూ ట్రిపుల్ పోయిందిగా. ఇక చదువు మీద పెడితే మంచిది. మనం చెయ్యాల్సింది చేశాం."

మనం అన్నాడు. నిఖిల చిమ్మిలి ఉండని చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా అలాగే నిలబడింది.

మర్నాడు దాన్ని రింకుకి తీసుకెళ్ళాను. సంచిలో చిమ్మిలి డబ్బా కూడా పెట్టారు అత్తయ్య. ఆ రోజూ ట్రిపుల్ దిగలేదు. వేరా దాన్ని మంచు మీద వదిలి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు.

"మంచి పిల్ల. కానీ పోటీ బృందంలోంచి తీసేస్తున్నాను. సరదాకి స్కేట్ చెయ్యనివ్వండి" అంది ఇంగ్లీషులో, మాటలు ఒక్కొక్కటీ విడదీసి పలుకుతూ.

"మొదటిరోజు నన్నెందుకు లేచి నిలబడమన్నారు?" అని అడిగాను.

వేరా చేతి తొడుగు ఊడదీసుకుంది. "మా కోచ్‌లు అలాగే చేసేవాళ్ళు. తల్లిని చూస్తే కూతురు ఆటలో ఎన్నాళ్ళుంటుందో తెలుస్తుంది."

"నన్ను చూస్తే ఏం తెలిసింది?"

"పదమూడు దాకా అనుకున్నాను."

ఈడ్చి కొట్టాలనిపించింది. ఆవిడ మాత్రం మంచు వంకే చూస్తూ చెప్పుకుపోయింది. "నాకు పదహారప్పుడు ఒక వేసవిలో ఒళ్ళు మారింది. నా జంపులన్నీ పోయాయి. నా వెనక పన్నెండేళ్ళ పిల్లలు కాచుకుని ఉన్నారు. మా అమ్మ ఫ్యాక్టరీలో పనిచేసేది, నా కోసం ఊరు మారింది. ఆ రోజు వంటింట్లో నా ముందు ఏడ్చింది. క్షమించమంది. దేనికో తెలుసా? తన నడుము నాకొచ్చినందుకు. నేను ఫర్వాలేదమ్మా అనలేదు. ఆవిడ పోయింది. ఇప్పుడు పెద్దల పోటీలకి కనీస వయసు పదిహేడుకి పెంచారు, మంచిదే. కానీ రూలు మారినంత తొందరగా మా కళ్ళు మారవు."

వేరా మీద కోపం పోలేదు. దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది. రష్యాలో పతకాల కోసం, విశాఖపట్నంలో, అనకాపల్లిలో పరువు కోసం. ఎవరి కారణం వాళ్ళది, ఆపేది మాత్రం అదే మలుపులో. ఆడపిల్ల ఒళ్ళు ఆడమనిషి ఒళ్ళు అవుతుండగానే ఇక చాలు, దిగిపో అంటున్నారు. నేనూ దిగిపోయాను. దిగాక ఇరవై ఎనిమిదేళ్ళు గట్టు మీద కూర్చుని, ఒళ్ళో ఎవరివో ఒకరివి చెప్పులు పెట్టుకున్నాను. ఇప్పుడు నా పిల్లని కూడా నా పక్కనే కూర్చోబెడుతున్నారు, నా నడుము మీదే నేరం మోపి.

లేచి నిలబడ్డాను. ఈసారి ఎవరూ అడగలేదు.

ప్రాక్టీసు అయిపోయి అందరినీ అనుమతించే వేళ మొదలైంది. కౌంటర్లో స్కేట్లు అద్దెకి తీసుకున్నాను. తాళ్ళు బిగించడం నాకంటే బాగా ఎవరికొచ్చు? కాకపోతే ఆ కాళ్ళు నావి. నిఖిల బెంచీ మీంచి "మమ్మీ, వాట్ ఆర్ యూ డూయింగ్, పడిపోతావ్" అంటూ చుట్టూ చూసింది, సిగ్గుతో.

పడ్డాను కూడా. మా చక్రాల స్కేట్లకి ముందు రబ్బరు బిళ్ళ ఉంటుంది, వేళ్ళ మీద బరువు వేస్తే ఆగుతాం. ఇక్కడ బ్లేడుకి ముందు పళ్ళుంటాయి. అలవాటుగా వేళ్ళ మీద ఆనాను, పళ్ళు మంచులో దిగబడి బోర్లా పడ్డాను. అరచేతులు మండాయి. ఓ చిన్నపిల్ల నా చుట్టూ తిరిగి వెళ్ళింది. లేచి కమ్మీ పట్టుకుని ఒక చుట్టు, పట్టుకోకుండా ఒక చుట్టు వేశాను. ఒళ్ళు బరువుగా ఉంది. మోకాలు మూలిగింది. పదమూడేళ్ళప్పటి ఆ తేలిక ఇక రాదు, ఏ కోచ్ కూర్చోబెట్టి నేర్పినా రాదు. అందుకు ఏడుపొచ్చింది, మొహం మీద చల్లగాలి కొడుతుంటే కాస్త ఏడ్చాను కూడా.

మూడో చుట్టులో వెనక్కి తిరగాలనిపించింది. వెనక్కి తిరగాలంటే ముందు తిప్పాల్సింది నడుమే. కాళ్ళు దాని వెంట వస్తాయి. తిప్పాను. వెనక్కి, ఒంటికాలి మీద, నా బరువంతా బ్లేడు ఒకే అంచు మీద మోపి, పెద్ద వంపు గీసుకుంటూ వెళ్ళాను. సిమెంటు మీద వచ్చే గరగర శబ్దం లేదు. అంతే తేడా.

"హైమా, మోకాలు వంచు" అని గట్టు మీంచి కేకేసింది వేరా. ఇన్నేళ్ళూ నేనావిడకి నిఖిల మదర్‌నే. మోకాలు వంచాను. వంపు ఇంకా లోతుగా వచ్చింది.

అనిల్‌కి ఏం చెప్పాలో ఆ వంపులోనే తేల్చుకున్నాను. ఫంక్షన్ కావాలో వద్దో నిఖిల చెబుతుంది. స్కేటింగ్ మాత్రం మానదు, ట్రిపుల్ లేకపోయినా, పతకం రాకపోయినా, పద్దెనిమిది దాటినా. ఇక నుంచి పొద్దున్నే డబ్బా ఎవరు కడతారో అతనూ ఆలోచించుకోవచ్చు.

గట్టు దగ్గర ఆగాను. నిఖిల బుగ్గలో చిమ్మిలి ఉంది, నములుతోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో, డబ్బాలో సగం లేదు.

"నీకెవరు నేర్పారమ్మా?" అంది. మమ్మీ అనలేదు.

"నీ వయసులో వచ్చేది."

"మరెందుకు మానేశావ్?"

"నేను మానలేదు. మాన్పించారు. నువ్వు తినేసి రా."

మూతి తుడుచుకుని మంచు మీదికొచ్చింది. నేను మళ్ళీ వెనక్కి తిరిగాను. ఎటు తిరగాలో తెలుసుకోవడానికి నా నడుము వంకే చూస్తూ, నా కూతురు నా వెంట వచ్చింది.