మందకొడినన్న నింద

నేను ఒక టేపు డ్రైవును. విశాఖలో ఒక కాన్సర్ ఆసుపత్రి కింది అంతస్తులో, ఏసీ గదిలో నా కాపురం. పక్క భవనంలో ఉన్న డిస్కుల పెట్టె నుంచి రోగుల స్కానింగులు కేబుళ్ళ గుండా నా దగ్గరికి వస్తాయి. వాటిని టేపు మీద రాసి దాచడం నా పని. నన్ను తయారుచేసినవాళ్ళు నాకు ఒకే గుణం పెట్టారు: మొదలుపెడితే ఆగకుండా రాయడం.

ఇక్కడికి రాకముందు ఒక ఇనుము వ్యాపారి ఆఫీసులో నాలుగేళ్ళు రాశాను. రాసింది ఒక్కసారైనా చదివి వినిపించమని అక్కడ ఎవరూ అడగలేదు. మనుషులకు దాచుకోవడంలో ఉన్న తృప్తి తీసి చూసుకోవడంలో ఉండదు కాబోలు.

పోయిన ఏడు తుఫానుకు నీళ్ళొచ్చి ఆసుపత్రి పాత టేపులన్నీ పాడయ్యాయి. దసరా వెళ్ళాక డిస్కుల పెట్టెలో రెండు డిస్కులు పోయాయి. మూడోది కూడా పోతే పదేళ్ళ స్కానింగులు గల్లంతే. ఆలోగా అన్నీ టేపుకెక్కించాలి. అది నాకు మూడు రోజుల పని. కానీ నా నడక చూస్తే పదిహేను రోజులు పట్టేలా ఉంది. డిస్కుల పెట్టె నుంచి సరుకు చాలినంత రాదు. కాసేపు పరుగెత్తుతాను, ఆగుతాను, వెనక్కి జరిగి మళ్ళీ పరుగెత్తుతాను. అచ్చం పల్లెవెలుగు బస్సు నడక.

"ముసలిదైపోనాదమ్మా. స్క్రాప్‌కి రాసీడమే," అన్నాడు పైడిరాజు. ఈ గదికి పన్నెండేళ్ళుగా ఆయనే పెద్ద. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఏది ఆగినా ఆయనకు ముందు కనబడేది నేనే. క్లీనింగ్ టేపు మూడుసార్లు నా నోట్లో పెట్టాడు. నాకు నిజంగా ఒళ్ళు మండింది.

కొత్తగా చేరిన ఇంజనీరు నూకరత్నం మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. "రాసీడానికి నాకేటి అభ్యంతరం లేదు సార్. దీని తప్పేటో ముందు తేలాలి కదా," అంది. పక్కనున్న కంప్యూటరుకు చిన్న కేబులుతో నన్ను నేరుగా కలిపింది. నేను ఉరుకులు పరుగుల మీద రాశాను. అంటే తప్పు నాది కాదు, దారిది.

తరవాత నా పనంతా నమోదయ్యే లాగ్ తిరగేసింది. మహర్నవమి పొద్దుటిదాకా నా వేగం బాగానే ఉంది. ఆ మధ్యాహ్నం నుంచే మందగించింది. కేబుళ్ళన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలో నా కేబుల్ ఉన్న చోట తప్పుల లెక్క నిమిషనిమిషానికీ పెరుగుతోంది. పంపిన సరుకే మళ్ళీ మళ్ళీ పంపాల్సివస్తోందన్నమాట.

"నవమి నాడు ఈ గదిలో ఏటి చేశారు సార్?"

"ఏటి చేస్తామమ్మా? ఆయుధపూజ. అన్నిటికీ బొట్లెట్టి దండలేశాం."

ఆమె ర్యాకు వెనక్కి దూరింది. స్విచ్ దగ్గర మొదలుపెట్టి, నా కేబుల్‌ని జానెడు జానెడు తడుముకుంటూ వచ్చింది. నడుమెత్తున ఆగింది. బంతిపూలు ఎప్పుడో ఎండి రాలిపోయాయి. దండ కట్టిన దారం మాత్రం కేబుల్‌ని ఇనుప కమ్మీకి మడిచి, మూడు ముడులతో బిగించి ఉంది. నా కేబుల్ గాజుపోగుది, సరుకు అందులో వెలుగై నడుస్తుంది. ఆ మడతలో ఆ వెలుగు సగం చచ్చిపోతోంది.

పైడిరాజు చూశాడు. "నా చేతుల్తోనే కట్టానమ్మా," అన్నాడు. నాకున్న కోపమంతా అక్కడే పోయింది. దండం పెట్టిన చేత్తోనే పీక నొక్కానని తెలుసుకోవడం మనిషికి చిన్న శిక్ష కాదు.

"దండేసినందుకు కాదు సార్, ముడి గట్టిగా బిగిసింది," అంటూ నూకరత్నం కొత్త కేబుల్ వేసింది. నేను మూడు రోజులూ ఊపిరి తిప్పుకోకుండా రాశాను. ముగించిన రెండోనాడే మూడో డిస్కు పోయింది.

ఆ వారమే పైనుంచి డాక్టరమ్మ ఫోను చేసింది. బంగారమ్మ అనే ఆవిడ ఆరేళ్ళ కిందటి స్కానింగు కావాలట. ఆపరేషన్ చెయ్యాలో వద్దో దాన్నిబట్టే తేలాలట. నూకరత్నం టేపు నా నోట్లో పెట్టింది. పుట్టాక మొదటిసారి నన్నొకరు చదవమన్నారు. తడబడకుండా చదివాను. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరమ్మ, గడ్డ పెరగలేదు, కోయక్కర్లేదు అందట.

మొన్న మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. పైడిరాజు నాకు చిన్న బొట్టు పెట్టాడు. దండ పళ్ళెంలో ఉంచి, పళ్ళెం నా ముందు నేలమీద పెట్టాడు. తరవాత ర్యాకు వెనక్కి వెళ్ళి, నా కేబుల్‌ని జానెడు జానెడు తడిమి చూసుకున్నాడు.