తడి లేని గాలి

ఆమెది పుట్టుకతో వచ్చిన పొడి చర్మం. ఏ కాలమైనా మోచేతుల మీద, పిక్కల మీద సన్నని పొలుసులు లేచేవి. పూట తప్పకుండా క్రీము రాసుకుంటే ఫరవాలేదు, లేకపోతే చర్మం పగిలి రక్తం కారేది. ఇప్పుడు చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పాపకు మూడో నెల. చూడటానికి మొగుడూ పెళ్లాలిద్దరూ విమానంలో బయలుదేరారు. ఆమెకు విమానం ఎక్కడం అదే మొదలు.

"విమానంలో గాలికి తడే ఉండదమ్మా. నీ ఒంట్లో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. "స్నానం కాగానే, ఒళ్లు ఆరకముందే క్రీము పట్టించు. నెత్తి మీద గాలి వచ్చే గొట్టం మూసెయ్. గంటకోసారి మళ్లీ రాసుకో. పెదాలు మర్చిపోకు."

ఆమె అన్నీ చేసింది. పెద్ద డబ్బాను చేతిలో తీసుకెళ్లనివ్వరని సూట్‌కేసులో పెట్టి, చిన్న సీసాలోకి కొంత క్రీము తీసుకుంది. తనిఖీ దగ్గర భర్త ఆ సీసా అందుకుని, తన షేవింగ్ క్రీముతో పాటు ఒకే కవర్లో వేసి బ్యాగులో పెట్టుకున్నాడు.

"లోపలికెళ్లాక ఇస్తాలే. పదిమందిలో రుద్దుకుంటూ కూర్చోకు," అన్నాడు.

విమానంలో అలా కూర్చున్నారో లేదో, సీట్ల మధ్య దారిలో ఒక బట్టతల ఆసామీ ఆగాడు. భర్త పనిచేసే ఆఫీసు మేనేజరు. ప్రమోషన్ కోసం భర్త ఏడాదిగా ఆయన చుట్టూనే ప్రదక్షిణలు చేస్తున్నాడు.

"ఏమోయ్, నువ్వూ ఇందులోనేనా! ముందు నా పక్క సీటు ఖాళీగా ఉంది, రా. ఒక్కడివేనా?"

భర్త చూపు ఒక్క క్షణం ఆమె మణికట్ల మీద పడింది. అప్పటికే అవి తెల్లబారుతున్నాయి.

"ఒక్కణ్ణే సార్," అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కంగారులో అలా అనేశాడు కాబోలు, కాసేపట్లో వస్తాడులే అని ఆమె సర్దిచెప్పుకుంది. తన మీది గాలి గొట్టం మూసేసింది. ముందు వరుస గాలి మాత్రం సూటిగా మొహానికే కొడుతోంది. విమానం మబ్బుల పైకి వచ్చేసరికి బుగ్గలు బిగుసుకున్నాయి. నీళ్లు అడిగి తాగింది. వేళ్ల కణుపులు ముడిస్తే ఒక నొప్పి, చాస్తే ఇంకో నొప్పి. చివరికి అటుగా వచ్చిన ఎయిర్ హోస్టెస్‌ను ఆపింది.

"ముందు సీట్లో నీలం చొక్కా ఆయన మావారండీ. ఆయన బ్యాగులో నా క్రీముంది. కాస్త తెచ్చిపెడతారా?"

వెళ్లిన అమ్మాయి మొహం మార్చుకుని తిరిగొచ్చింది. "మేడమ్, ఆయన... మీరెవరో తనకు తెలియదంటున్నారు. మీరు చెప్పింది ఇంకొకరి గురించేమో?"

అవతలి వరుసలో పేపరు చదువుతున్నాయన తల తిప్పి చూశాడు.

"అయ్యుంటుందండీ," అంది ఆమె.

కానీ మంటకు పరువు గురించి ఏం తెలుసు? లేచి, సీట్లు పట్టుకుంటూ ముందుకు నడిచింది. ముందు సీట్లకు అడ్డంగా ఉన్న తెర పక్కకు జరిపితే ఎదురుగానే ఇద్దరూ కనిపించారు. మూత భర్త చేతిలో, సీసా మేనేజరు చేతిలో.

"విమానమెక్కితే చాలు, నా చేతులు చెక్కలైపోతాయోయ్. నీ దగ్గర భలే సరుకుందే!" అంటూ మేనేజరు అరచేతి నిండా వంపుకుని మోచేతుల దాకా పట్టించాడు. మిగిలినది బట్టతలకు పులిమాడు.

"మొత్తం వాడేయండి సార్, దానికేముంది!"

అలా అంటూనే భర్త తలెత్తి ఆమెను చూశాడు. లేచి వస్తాడనుకుంది.

"బాత్రూము వెనకవైపు ఉందండీ," అన్నాడు.

పెళ్లయ్యాక అతని నోట తనకు 'అండీ' వినపడటం అదే మొదటిసారి.

వెనక్కి వెళ్లి బాత్రూములో చేతులు నీళ్ల కింద పెట్టింది. క్రీము లేకుండా తడిపితే ఇంకా ఎండిపోతుందని తెలుసు. అయినా తడిపింది. సీటుకు వచ్చేలోగా కణుపులు పగిలి విచ్చుకున్నాయి. కాగితం రుమాళ్లు చుట్టుకుని దిగేదాకా కూర్చుంది.

దిగాక సూట్‌కేసు బెల్టు మీద ఆమె ముందుకే వచ్చింది. అవతల మేనేజరు పక్కన నిలబడ్డ భర్త ఫోను చూసుకుంటున్నాడు. ఆమే దాన్ని లాగి బండి మీద పడేసుకుంది.

బయట చెల్లెలు పాపను భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"బావా! అక్కేదీ? అదుగో, అక్కా!"

మేనేజరు ఆగిపోయాడు. "ఒక్కణ్ణే అన్నావుగా?"

భర్త పెద్దగా నవ్వాడు. "ఊరికే సరదాకి సార్! ప్రయాణంలో మేమిద్దరం ఇలా పరాయివాళ్లలా నటిస్తుంటాం. ఏమంటావోయ్?"

"అవునండీ, సరదాకే," అంది ఆమె. నవ్వబోతే కింది పెదవి చిట్లింది.

మేనేజరు ఆ పెదవిని చూశాడు, కాగితాలు చుట్టిన ఆ వేళ్లను చూశాడు. జేబురుమాలు తీసి తన అరచేతులు, మోచేతులు, ఆపైన నెత్తి గట్టిగా తుడుచుకున్నాడు. మరో మాట లేకుండా వెళ్లిపోయాడు.

"ప్రమోషన్ తగలడిపోయింది," అని గొణిగాడు భర్త, ఆమె వైపు చూడకుండానే.

చెల్లెలికి ఇదేమీ పట్టలేదు. "ముందు నీ పాపని ఎత్తుకోవే అక్కా," అంటూ దగ్గరికొచ్చింది. ఆమె గబగబా కాగితాలు విప్పేసి చేతులు చాచింది.

"ఆగమ్మా, ఆ చేతులు చూశావా?" అన్నాడు భర్త మరదలితో. "పసిపిల్ల ఒళ్లు. ఏదైనా అంటుకుంటే?"

చెల్లెలు చేతుల వంక చూసింది. అక్కతో ఒకే దుప్పటిలో పడుకుని పెరిగిన పిల్ల. బడిలో అక్కను 'చేప' అన్నవాళ్ల జుట్టు పట్టుకుని కొట్లాడిన పిల్ల. ఇది అంటుకోదని లోకంలో అందరికంటే బాగా తనకే తెలుసు.

"బావ చెప్పేదీ నిజమేలే అక్కా. తగ్గాక ఎత్తుకుందువుగాని," అని ఎంతో మెత్తగా చెప్పి, పాపను అవతలి భుజానికి మార్చుకుంది.

ఇంటికి చేరగానే ఆమె పెద్ద డబ్బా తీసింది. పూటపూటా రాసుకుంటే చేతులు త్వరగానే మానాయి. వేళ్లు నున్నబడ్డాయని చూపించింది కూడా. "అబ్బ, బాగా తగ్గాయే," అంది చెల్లెలు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాపను ఆమెకు చూపించారు, నవ్వించమన్నారు, ఉయ్యాల ఊపమన్నారు. చేతికి మాత్రం ఇవ్వలేదు.